ఎడమవైపు నాలుగు వేళ్ళు

ఉదయం ఏడింటికి ఒకటో నంబరు షాపు షట్టరు పైకి లేచేసరికి తండ్రి అప్పటికే అరవై తువ్వాళ్ళు మడిచి పెట్టాడు. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆయన పని అదే. తొమ్మిది సెలూన్ల తువ్వాళ్ళూ ఆయన దగ్గరికే వస్తాయి, ఉతికి ఆరి మడతలు పడి మళ్ళీ తొమ్మిదింటికీ వెళ్తాయి. ఆ ఇంట్లో మెత్తగా మాట్లాడే మనిషి ఆయనొక్కడే. అందుకే ఆయన మాట ఎవరూ వినరు.

తల్లి తన కుర్చీ దగ్గర కత్తెరలు సర్దుకుంటోంది. పనివాళ్ళూ, వచ్చేపోయేవాళ్ళూ అందరూ ఆమెను పెద్దమ్మ అనే పిలుస్తారు. అరవై ఎనిమిదేళ్ళ వయసు, వంగని నడుము, ఎదుటివాళ్ళ మొహం మీదే అనేసే నోరు. కత్తెరల వైపు చూడకుండా వేళ్ళతో తడుముతూ పొడవును బట్టి వరసగా పెడుతోంది. చూసేవాళ్ళు అది అనుభవం అనుకుంటారు. కూతురు అలా అనుకోవడం మానేసి ఎనిమిది నెలలైంది.

కూతురు తువ్వాళ్ళ బల్ల దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "నాన్నా, ఇవాళ అమ్మకి చెప్పేయాలి. రేపు పదో షాపు తెరుస్తున్నాం. మొదటి కటింగ్‌కి మళ్ళీ కుట్టు పిన్నినే కూర్చోబెడుతుందట."

"చెప్పాలమ్మా," అన్నాడు తండ్రి.

"నువ్వు చెప్తావా?"

ఆయన మడిచిన తువ్వాలును విప్పి మళ్ళీ మడిచాడు. "నేను చెప్తే మీ అమ్మ వింటుందా? నలభై మూడేళ్ళ కాపురంలో ఒకసారి వాన పడుతోందని చెప్పాను. అది కూడా బయటికెళ్ళి చూసొచ్చి గానీ నమ్మలేదు."

వ్యానులోంచి షాంపూ డబ్బాలు దించుతున్న తమ్ముడిని అడిగింది. తొమ్మిది షాపులకూ సరుకు చేరవేసేది అతనే.

"నేనా?" అన్నాడు తమ్ముడు డబ్బా కింద పెట్టకుండానే. "నాకింకా పిల్లలు చిన్నవాళ్ళక్కా."

అంటే ఎప్పటిలాగే కష్టమైన మాట కూతురి నెత్తినే పడింది. ఆమె దాన్ని ఎనిమిది నెలలుగా మోస్తోంది.

మొదట తల్లి పోసిన టీ కప్పులో పడకుండా పక్కన పడింది. తర్వాత తల్లి తన ఎడమవైపు స్టూలును గుద్దుకుని, "దీన్నిక్కడ పెట్టిందెవరు?" అని స్టూలును ఇరవయ్యేళ్ళుగా అక్కడే పెడుతున్నవాళ్ళను తిట్టింది. ఆ తర్వాత ఒకావిడ ఫోన్ చేసి జుట్టు ఒకవైపు పొట్టిగా ఉందని చెప్పింది. కూతురు ఆమెను గుట్టుగా రెండో షాపుకి పిలిపించి, అక్కడి సీనియరు చేత సరిచేయించి, పెద్దమ్మ దగ్గర ఆ మాట ఎత్తవద్దని బతిమాలింది. అలా ఇద్దరు, ముగ్గురు, పదిమంది అయ్యారు. రెండు నెలల కిందట కుట్టు పిన్ని చెవి తమ్మె తెగింది.

కుట్టు పిన్ని పక్క వీధిలో బట్టలు కుట్టే మనిషి. ముప్పై ఎనిమిదేళ్ళ కిందట పెద్దమ్మ కత్తెర కింద మొట్టమొదట తల పెట్టింది ఆవిడే. ఆ అలవాటు కొద్దీ ప్రతి కొత్త షాపులోనూ మొదటి కటింగ్ ఆవిడకే. ఆ రోజు కూతురే ఆవిడను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. "పెద్దమ్మకి తెలియనివ్వకే, తట్టుకోలేదు," అంది ఆవిడ చెవికి తువ్వాలు అదిమి పట్టుకుని. కూతురు కూడా అందరితో అదే అంటూ వచ్చింది, అమ్మ తట్టుకోలేదని. రాత్రీ పగలూ తనతో తను కూడా అదే చెప్పుకుంది.

ఈ వ్యాపారం ఎలా మొదలైందో పెద్దమ్మ ఎవరికైనా గంటసేపు చెబుతుంది. మెట్ల కింద ఒక గది, పళ్ళ డాక్టరు ఒకాయన దుకాణం ఎత్తేస్తూ చవగ్గా ఇచ్చిన కుర్చీ. ఆ కుర్చీ వెనక్కి వాల్చితే అలవాటు చొప్పున కొందరు నోరు తెరిచేవాళ్ళట. అప్పట్లో లాండ్రీలో పనిచేసే మొగుడు తువ్వాళ్ళు తెచ్చిపెట్టేవాడు. ఆవిడ చెప్పే కథ రెండో షాపు దగ్గర ఆగిపోతుంది. మూడు నుంచి తొమ్మిది దాకా ఇంటి యజమానుల చుట్టూ తిరిగి గదులు చూసిందీ, మనుషుల్ని వెతికి పెట్టుకున్నదీ, ముందుగా ఫోన్ చేసి వచ్చే పద్ధతి తెచ్చిందీ కూతురు. అది ఆ కథలో ఉండదు. బోర్డుల మీద కూడా తల్లి బొమ్మ ఒక్కటే ఉంటుంది.

ఆ కథలో తప్పకుండా ఉండేది ఇంకొకటి. ఇక్కడ పనిలో చేరిన ప్రతి ఒక్కరూ మొదటి కటింగ్ పెద్దమ్మ తల మీదే చేయాలి. మెట్లు మెట్లుగా వచ్చినా, ఎలుకలు కొరికినట్టు వచ్చినా ఆవిడ వారం రోజులు అలాగే జనంలో తిరుగుతుంది. ఎనిమిదో రోజు చేసినవాళ్ళనే పిలిచి, దగ్గరుండి వాళ్ళ చేతే సరిచేయిస్తుంది. తొమ్మిది షాపుల్లో కత్తెర పట్టిన వాళ్ళంతా ఆ తల మీద నేర్చుకున్నవాళ్ళే. కూతురు కూడా పంతొమ్మిదో ఏట ఆ తల మీద చేయి పెట్టింది. కంగారులో వెనక భాగమంతా పాడుచేసింది.

తల్లి ఆ కటింగ్‌తో నలభై రోజులు తిరిగింది. అద్దం మీద ఒక చీటీ కూడా అంటించింది. "ఇది మా అమ్మాయి చేసిన కటింగ్" అని. వచ్చినవాళ్ళంతా చదివి నవ్వేవాళ్ళు. కూతురు ఆ తర్వాత ఈ ఇరవై రెండేళ్ళలో కత్తెర ముట్టుకోలేదు. తన జుట్టు మీద కూడా ఎవరి కత్తెరా పడనివ్వలేదు. అది నడుము దాటింది.

తొమ్మిదింటికి అన్ని షాపుల ఇన్‌ఛార్జీలూ వచ్చారు. తల్లి తన కుర్చీ వెనక నిలబడి రేపటి పనులు పంచింది. ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎవరు ఎప్పుడు నోరు మూసుకోవాలో కూడా చెప్పింది. చివర్న మొదటి కటింగ్ మాట వచ్చింది.

"రేపు మొదటి కటింగ్ నువ్వు చేయొద్దమ్మా," అంది కూతురు.

తండ్రి చేతిలో తువ్వాలు సగం మడతలో ఉండిపోయింది.

"ఎందుకు చేయకూడదు?"

చెప్పాల్సిన మాట నాలుక దాకా వచ్చింది. అందరి ముందూ ఎలా చెప్పాలా అని తటపటాయించి, కూతురు తేలికైన మాట ఎంచుకుంది. "వయసైంది కదమ్మా. ఇక విశ్రాంతి తీసుకో."

"వయసైతే కత్తెర దించేయాలా?" అంది తల్లి. "నువ్వు పంతొమ్మిదో ఏటే దించేశావు. నీకేం వయసైందని?"

ఎవరో కిసుక్కుమన్నారు. అది విన్నాక తల్లికి ఉత్సాహం వచ్చింది. "మీలో కొత్తవాళ్ళకి తెలీదేమో. మా అమ్మాయి ఒక్కసారి కత్తెర పట్టుకుంది. నలభై రోజులు నన్ను చూసి ఊరంతా నవ్వింది. అప్పట్నుంచి ఫోన్లు ఎత్తడం, గదులు అద్దెకు తీసుకోవడం, ఇదే దీని విద్య. చేతకానివాళ్ళు చేసేవాళ్ళకి విశ్రాంతి ఇప్పిస్తారు."

ఈసారి ఇద్దరు ముగ్గురు నవ్వారు. నవ్వాలి కాబట్టి నవ్వారు. తమ్ముడు తల వంచుకుని డబ్బా మీద అక్షరాలు చదువుకున్నాడు.

కూతురికి కడుపు మండింది. ఏడు షాపులు పెట్టిన మనిషిని, ఆ ఏడు షాపుల వాళ్ళ ముందే తల్లి పనికిరాని దాన్ని చేసి నిలబెట్టింది. కూతురు వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుని జడ విప్పుకుంది.

"అయితే నాది కత్తిరించు. భుజాల దాకా. సమంగా రావాలి."

రెండో షాపు సీనియరు ముందుకొచ్చింది. ఇన్‌ఛార్జీల్లో సంగతి తెలిసినది ఆమె ఒక్కతే. "అక్కా, వద్దు," అంది. కూతురు అద్దంలోంచి ఆమెను చూసిన చూపుకి వెనక్కి తగ్గింది.

తల్లి మురిసిపోయింది. ఇరవై రెండేళ్ళుగా తనను ముట్టుకోనివ్వని తల చేతికి చిక్కింది. కుడివైపు ఎంత చక్కగా కత్తిరించిందంటే చూస్తున్నవాళ్ళకి ముచ్చటేసింది. జుట్టు జానెడు జానెడు కింద పడుతోంది. ఎడమవైపుకి వచ్చేసరికి కూడా ఆ చేయి తడబడలేదు, అదే వేగంతో, అదే ధీమాతో వెళ్ళింది. కాకపోతే నాలుగు వేళ్ళు పైకి వెళ్ళింది. ఎదురుగా ఉన్న తొమ్మిదిమందికీ అది కనిపిస్తోంది.

"ఎలా ఉందే?" అంది తల్లి దువ్వెన దులుపుతూ.

"బాగుంది పెద్దమ్మా," అన్నారు ఇన్‌ఛార్జీలు.

కూతురు అద్దంలో తన మొహం చూసుకుంది. ఒకవైపు భుజం దాకా, ఒకవైపు చెంప దాకా. ఏడుపు రాలేదు. "చాలా బాగుందమ్మా," అంది, నవ్వింది కూడా.

వ్యాను దగ్గర తమ్ముడు పట్టుకున్నాడు. "అక్కా, కిటికీకి ఒక రెక్క ఊడిపోయినట్టుంది. ఎక్కు, రెండో షాపుకి పోయి సరిచేయిద్దాం."

"రేపటి దాకా ఇలాగే ఉండనీ."

"రేపు అందరూ వస్తారు కదా."

"వస్తారు," అంది కూతురు.

తండ్రి గుమ్మంలోంచి ఇద్దర్నీ చూశాడు. "వద్దమ్మా," అన్నాడు. అంతకంటే ఏమీ అనలేదు. అన్నా వినేవాళ్ళు లేరు.

మర్నాడు పదో షాపు కొత్త రంగు వాసనతో నిండిపోయి ఉంది. ఎనిమిది కుర్చీలు, ఎనిమిది అద్దాలు, వీధిలోవాళ్ళు, పాత ఖాతాదార్లు, ఇన్‌ఛార్జీలు, మొత్తం అరవై మంది దాకా ఉన్నారు. మధ్య కుర్చీలో కుట్టు పిన్ని కూర్చుంది. రావద్దని కూతురు ఫోన్ చేసి చెప్పాల్సింది. చెప్పలేదు. మెడ చుట్టూ కట్టిన గుడ్డ కింద ఆవిడ చేతులు రెండూ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి. మొహం మీద మాత్రం నవ్వు చెరగలేదు.

తల్లి ఒక చేత్తో కత్తెర పట్టుకుని దువ్వడం మొదలుపెట్టింది. కూతురు సరిగ్గా ఆ అద్దం పక్కన, దీపం కింద నిలబడింది. అందరి కళ్ళూ ముందు కుర్చీ మీద, తర్వాత ఆమె తల మీద పడ్డాయి. గుసగుసలు బయల్దేరాయి.

ఎదురు మందుల షాపు ఆవిడ సరదా మనిషి. "ఏమ్మా, మీ జుట్టు ఎవరు కత్తిరించారు? వాళ్ళని మాత్రం ఈ షాపులో పెట్టకండి," అంది. పక్కనున్నవాళ్ళు నవ్వారు.

కూతురు ఈ ప్రశ్న కోసమే నిన్నటి నుంచి కాచుకుని ఉంది.

"మా అమ్మ కత్తిరించింది," అంది గది చివరి దాకా వినిపించేట్టు. "నిన్ననే."

తల్లి చేతిలో దువ్వెన ఆగిపోయింది. ఆవిడ రెండడుగులు వేసి కూతురి ముందుకొచ్చింది. చేయి చాచి కుడివైపు జుట్టును పై నుంచి కింది దాకా రెండు వేళ్ళ మధ్య జార్చింది. తర్వాత ఎడమవైపు. వేళ్ళలో జుట్టు మధ్యలోనే అయిపోయింది. ఖాళీ వేళ్ళు గాలిలో కాసేపు అలాగే ఉన్నాయి. మళ్ళీ పైకి తీసుకెళ్ళి, నాలుగు వేళ్ళు అడ్డం పెట్టి కొలిచింది. కత్తెర పట్టిన మనిషికి అంతకంటే ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు.

ఆవిడ కత్తెరను కోటు జేబులో పెట్టుకుంది. "నువ్వు కానివ్వు," అంది రెండో షాపు సీనియరుతో. వెనక గదివైపు నడిచింది. ద్వారబంధం ఎడమ అంచుకి భుజం ధడాలున తగిలింది. ఆగి, దాన్ని చేత్తో తడుముకుని, లోపలికి వెళ్ళింది.

కూతురికి ఆ క్షణంలో చల్లగా హాయిగా ఉండాలి. ఇరవై రెండేళ్ళు ఎదురుచూసిన హాయి అది. రెండు నిమిషాలు నిలబడి చూసింది. రాలేదు. వెనక గదికి వెళ్ళి తలుపు దగ్గరికి వేసింది.

తల్లి తువ్వాళ్ళ మూటల మధ్య స్టూలు మీద కూర్చుని ఉంది.

"ఎన్నాళ్ళుగా తెలుసు నీకు?"

"ఎనిమిది నెలలు."

"నాకూ అంతే," అంది తల్లి. "ఎడమవైపు అంతా మసక. చేతికి అలవాటేగా, కళ్ళతో పనేముందిలే అనుకున్నాను. ఐనా అనుమానమొచ్చి ప్రతి కటింగ్ అయ్యాక నిన్నే పిలిచి అడిగేదాన్ని, ఎలా ఉందే అని. బాగుందమ్మా అనేదానివి. నువ్వు నాకు అబద్ధం చెప్పవని, నామీద నీకు అంత ప్రేమ లేదని నమ్మకం నాకు."

"నువ్వు తట్టుకోలేవని..."

"ఆ మాట బయటివాళ్ళకి చెప్పుకో. నిన్న పొద్దున కూడా నీకు నోరుంది. కళ్ళు కనబడటం లేదు, ఆపమ్మా అంటే సరిపోయేది. వయసైందన్నావు. నేను పడాలి. పదిమంది చూస్తుండగా పడాలి. దానికోసం దాచిపెట్టుకున్నావు."

కాదని అనబోయింది కూతురు. దానికి బదులు వేరే మాట వచ్చింది. "అద్దం మీద చీటీ అంటించింది ఎవరు?"

"నేనే. తప్పే అది. అంటించిన సాయంత్రమే తెలిసింది నాకు." తల్లి మోకాళ్ళు రుద్దుకుంది. "ఎనిమిదో రోజు నుంచి రోజూ పొద్దున్నే ఆ కుర్చీలో కూర్చునేదాన్ని. వచ్చి సరిచేస్తావని. రావే అని పిలిస్తే వచ్చేదానివేమో. పిలవలేదు, పంతం. నలభయ్యో రోజు మీ నాన్న చేత కత్తిరింపించుకున్నాను. ఆయనకి తువ్వాలు మడవటం తప్ప ఏం వచ్చు? గుండు కొట్టించుకున్నట్టే అయింది."

ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు. బయట సీనియరు కత్తెర చప్పుడు వినిపిస్తోంది.

"ఇంకోటి అడుగుతాను, చెప్పు," అంది తల్లి. "ఇందాక దువ్వుతుంటే కుట్టు పిన్ని చెవి తమ్మె కింద గట్టిగా ముడి తగిలింది. రెండు నెలల కిందట ఆవిడకి కత్తిరిస్తుంటే నా వేళ్ళకి వెచ్చగా తగిలింది. ఏమిటే ఇది అని అడిగాను. నీళ్ళమ్మా అన్నావు. నీళ్ళేనా?"

కూతురు గోడకు ఆనుకుంది. "కాదమ్మా."

"ఎన్ని కుట్లు?"

"రెండు."

తల్లి మొహం నలిగిపోయింది. ఆ మొహం ఏడవగా కూతురు ఎప్పుడూ చూడలేదు. "రక్తం నా చేతి మీద ఉంటే నీళ్ళన్నావటే. ఆ చేత్తోనే ఆ మర్నాడు ఇంకొకరి తల ముట్టుకున్నాను. ఆ పై రోజు ఇంకొకరిది. పసిపిల్లల్ని కూడా ఎక్కించావు నా కుర్చీలోకి. ఇందాక కూడా నేను ఆవిడ చెవి పక్కన కత్తెర తెరవబోతుంటే నువ్వు దీపం కింద నిలబడి నీ జుట్టు చూపించుకుంటున్నావు."

అప్పుడు అర్థమైంది కూతురికి. మందుల షాపు ఆవిడ అడగకపోయి ఉంటే ఏం చేసేది తను? ఇంకో నిమిషం ఆగేది. ఎవరో ఒకరు అడిగే దాకా ఆగేది. గుడ్డ కింద పిన్ని చేతులు బిగుసుకున్న సంగతి చూసింది, చూసి కూడా అక్కడే నిలబడింది. ఎనిమిది నెలలూ అమ్మను కాపాడుతున్నాననుకుంది. ఒక్క రోజు కూడా కాపాడలేదు. అమ్మకు గానీ, ఆ తలలకు గానీ. ఆమె తల్లి కాళ్ళ దగ్గర కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

"నన్ను క్షమించమ్మా."

"నన్నెందుకు అడుగుతావు?" అంది తల్లి. గొంతు మెత్తబడలేదు. "నేను నీకు చేసింది నువ్వు నాకు చేశావు, చెల్లుకు చెల్లు. ఆవిడ మనకేం చేసింది?"

తల్లి లేచి నిలబడింది. కూతురి తల కోసం చేయి చాచి, దొరికాక, ఆ పొట్టివైపు మీద చేయి ఉంచింది.

"ఉందా ఇంకా ఆవిడ?"

"ఉంది. కుర్చీలోనే."

"పద. ఇద్దరం చెబుదాం. అందరి ముందే చెబుదాం, అందరి ముందే కదా కూర్చోబెట్టాం." ఆవిడ చేయి కూతురి భుజం మీదికి దిగింది. "దారిలో ఏమున్నాయో చెప్పు."

"ఎడమపక్క తువ్వాళ్ళ మూట ఉంది. మూడడుగుల తర్వాత గడప. గడప దాటాక చిన్న మెట్టు, కిందికి."

తల్లి అడుగు ఎత్తి, వేయకుండా ఆగింది.

"నిజమేనా?"

"నిజమేనమ్మా."

ఆవిడ ఇంకో క్షణం ఆగింది. తర్వాత అడుగు వేసింది.